కర్నూలు మీదుగా ఎగరని విమానం
(జూబిలీ కొండల కథ – ధారావాహిక)

పోయిన భాగాన్ని అన్నపూర్ణ స్టూడియో గేటు దగ్గర ఆపాం. 1976 జనవరి 14న, సంక్రాంతి వేళ, రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఆ స్టూడియోను ప్రారంభించారు. ఇరవై రెండెకరాల రాతి నేల, చుట్టూ ముళ్లకంప. ఊరికి ఇంత దూరాన, ఈ గుట్టల్లో సినిమా తీయడమేమిటని పెదవి విరిచినవాళ్లు తక్కువేం కాదు. అక్కినేని నాగేశ్వరరావు లెక్క వేరు. ఈ కొండల మీదికి సినిమా ఎలా వచ్చిందో ఇప్పటికే చాలా చెప్పుకున్నాం. సినిమావాళ్లు దేని మీద వచ్చారో మాత్రం చెప్పుకోలేదు.

స్టూడియో ప్రారంభమైన సరిగ్గా వారానికి, జనవరి 21న, లండన్ హీత్రో నుంచి ఒకటి, పారిస్ నుంచి ఒకటి, ఒకే నిమిషానికి రెండు విమానాలు లేచాయి. లండన్ విమానం బహ్రెయిన్‌కు, పారిస్ విమానం డాకర్ మీదుగా రియోకు. శబ్దం కన్నా రెండింతల వేగంతో ప్రయాణికులను మోసే కాంకార్డ్ సర్వీసు ఆ రోజు మొదలైంది. 27 ఏళ్లు నడిచి ఆగిపోయింది. మన బేగంపేట విమానాశ్రయంలో అది ఏనాడూ దిగలేదు. అయినా దాని కథలో మన దేశానికి పెద్ద పాత్రే ఉంది. రాయలసీమ ఆకాశానికీ కొంత ఉంది. ఆ విమానం పుట్టిన షెడ్ల పక్కనే పుట్టిన మరో విమానమైతే ఏకంగా మన సినిమావాళ్లను ఎక్కించుకుని పొలంలో దిగింది. అందుకే ఈ భాగమంతా విమానాలకే ఇస్తున్నాను.

కాంకార్డ్ పుట్టుక ఒక కాగితంతో మొదలైంది. 1962 నవంబర్ 29న బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఒక పక్షం తనంతట తాను తప్పుకోవడానికి అందులో దారి పెట్టలేదు. ఫ్రెంచివాళ్లు మధ్యలో వదిలేసి పోతారేమోనని బ్రిటిష్‌వాళ్లకు అనుమానం. రెండేళ్లు తిరక్కుండానే లండన్‌లో కొత్త ప్రభుత్వం వచ్చి, ఖర్చు చూసి గుండె జారి, మేమే వదిలేస్తామంది. కుదరలేదు. ఇంగ్లండ్‌లోని ఫిల్టన్‌లో, ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో పని సాగుతూనే పోయింది. 1969 మార్చి 2న తూలూజ్‌లో ఆంద్రే టుర్కా మొదటి విమానాన్ని గాలిలోకి లేపాడు. అయిదు వారాల తర్వాత ఫిల్టన్ నుంచి బ్రయాన్ ట్రబ్‌షా రెండోది లేపాడు. ఆ అక్టోబర్ 1న మొదటి విమానం శబ్ద వేగాన్ని దాటింది.

విమానం సంగతి చెప్పాలంటే, ఇంజనీరింగ్‌లో అంతటి అందగత్తె మళ్లీ రాలేదు. త్రికోణాకారపు సన్నని రెక్క. దిగేటప్పుడు పైలట్లకు రన్‌వే కనిపించడం కోసం కిందికి వంగే ముక్కు. నాలుగు ఒలింపస్ ఇంజన్లు. లేచేటప్పుడు వెనక మంట ఎగదోసుకుంటూ అదనపు శక్తినిస్తాయి. 60,000 అడుగుల ఎత్తున గంటకు సుమారు 2,180 కిలోమీటర్లు. బయట గాలి గడ్డకట్టే చలి. అయినా గాలి రాపిడికి, ఒత్తిడికి ముక్కు కొస 127 డిగ్రీల దాకా వేడెక్కేది. ఆ వేడికి విమానం సాగేది, అక్షరాలా కొన్ని అంగుళాలు. కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీరు ముందున్న పలకకూ గోడకూ మధ్య అప్పుడు చెయ్యి పట్టేంత సందు తెరుచుకునేది. కిందికి దిగి చల్లబడగానే మూసుకుపోయేది. చివరి ప్రయాణాల్లో కొందరు ఇంజనీర్లు తమ టోపీలను ఆ సందులో దూర్చి వదిలేశారు. విమానం మళ్లీ వేడెక్కితే తప్ప ఆ టోపీలు రావు.

ఇంత చేసి లోపల పట్టేది నూరు మంది. సీట్లు ఇరుకు, కిటికీలు అరచేతి పాటి. తాగే ఇంధనం గంటకు పాతిక వేల లీటర్లకు పైమాటే.

1960ల్లో ఇవేవీ ఎవరికీ పట్టలేదు. వేగమే భవిష్యత్తు అనుకున్న కాలం అది. పాన్ అమెరికన్ మొదలుకుని పేరున్న విమాన సంస్థలన్నీ క్యూ కట్టి, కొనే హక్కు రిజర్వు చేసుకున్నాయి. అలాంటి హక్కులు డెబ్బై దాటాయి. జె.ఆర్.డి. టాటా అధ్యక్షుడుగా ఉన్న ఎయిర్ ఇండియా కూడా రెండు విమానాలకు పేరు రాయించుకుంది. రెండే, కానీ చూడండి, అప్పటికి స్వతంత్రం వచ్చి ఇరవై ఏళ్లయినా నిండలేదు. తిండిగింజలకు అమెరికా ఓడల కోసం ఎదురుచూస్తున్న దేశం శబ్దాన్ని మించిన విమానానికి వరుసలో నిలబడింది. దీన్ని దుబారా అనాలో ధీమా అనాలో పాఠకులే తేల్చుకోవాలి. నేను ధీమా అనే అంటాను. ఆ ధీమాను వదులుకోవడమే తెలివైన పని అయింది. 1971లో ఎయిర్ ఇండియాకు మొదటి జంబో జెట్ ‘ఎంపరర్ అశోక’ వచ్చింది. నెమ్మదిగా పోయినా మూడు వందల మందికి పైగా మోసే విమానం. కాంకార్డ్ హక్కు కాగితం మీదే ఉండిపోయింది.

అసలు అడ్డంకి డబ్బు కాదు, ఢాంకారం. శబ్దం కన్నా వేగంగా పోయే దేనికైనా వెనక ఒక పీడన తరంగం పుడుతుంది. పడవ వెనక నీటిలో విచ్చుకునే అలల్లాంటిదే. అది నేలను తాకినప్పుడు ఫిరంగి పేలినట్టు వినిపిస్తుంది. శబ్ద వేగాన్ని దాటే క్షణాన ఒక్కసారే పేలుతుందని చాలామంది పొరబడతారు. అలా కాదు. విమానం ఆ వేగంతో ఎగిరినంత దూరమూ, దాని దారి పొడవునా, అటూ ఇటూ కొన్ని పదుల కిలోమీటర్ల వెడల్పున నేల మీద ఆ చప్పుడు పరుచుకుంటూ పోతుంది. 1964లో అమెరికా ప్రభుత్వం ఓక్లహామా సిటీ మీద ఆరు నెలల పాటు యుద్ధ విమానాలను నడిపి 1,253 సార్లు ఆ చప్పుడు వినిపించి, జనం అలవాటు పడతారేమో చూసింది. అద్దాలు పగిలాయి, ఫిర్యాదులు వేలకు చేరాయి, దానితో బతకలేమని నాలుగో వంతు మందికి పైగా తేల్చేశారు. 1973లో అమెరికా తన నేల మీద పౌర విమానాలేవీ ఆ వేగంతో పోకూడదని నిబంధన పెట్టింది. అదే ఏడాది జనవరి చివర పాన్ అమెరికన్, టి.డబ్ల్యు.ఎ. రెండూ హక్కులు వదులుకున్నాయి. మిగతా సంస్థలు వాటి వెనకే నడిచాయి. ఏడాది చివరికి చమురు ధర కూడా మంటెక్కింది. మొత్తం తయారైనవి 20 విమానాలు. సర్వీసులోకి వెళ్లినవి 14, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు ఏడు, ఎయిర్ ఫ్రాన్స్‌కు ఏడు.

ఇక మన సంగతికి వద్దాం. అమ్మకాల కోసం 1972 జూన్‌లో కాంకార్డ్ తూర్పు దేశాలు తిరుగుతూ బొంబాయిలో దిగింది. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు గానీ ఎవరూ కొనలేదు. అయిదేళ్ల తర్వాత కాంకార్డ్‌కు మన ఆకాశంతో నిజంగానే పని పడింది. లండన్–బహ్రెయిన్ దారిని సింగపూర్ దాకా పొడిగించాలని బ్రిటిష్ ఎయిర్‌వేస్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కలిసి 1977 డిసెంబర్ 9న సర్వీసు మొదలుపెట్టాయి. జి-బీఓఏడీ అనే విమానానికి ఎడమ పక్క సింగపూర్ రంగులు, కుడి పక్క బ్రిటిష్ రంగులు వేశారు.

మీ ఇంట్లో గ్లోబు ఉంటే బహ్రెయిన్ మీద, సింగపూర్ మీద వేళ్లు పెట్టి మధ్య ఒక దారం బిగించి చూడండి. ఆ దారం అరేబియా సముద్రం దాటి కొంకణ తీరంలో రత్నగిరికి ఉత్తరాన నేల మీదికి వస్తుంది. ఉత్తర కర్ణాటక మీదుగా సాగి దాదాపు కర్నూలు, నంద్యాల నెత్తి మీదుగా పోతుంది. నల్లమల దాటి కావలికీ నెల్లూరుకూ మధ్య బంగాళాఖాతంలో దిగుతుంది. కాంకార్డ్‌కు అన్నిటికన్నా దగ్గరి దారి అదే. ఆ దారిన పూర్తి వేగంతో పోతే పోయిన ప్రతిసారీ సీమ పల్లెల్లో ఫిరంగులు మోగాలి. లోపల కూర్చున్న నూరు మందిలో మనవాడు ఒక్కడైనా ఉంటాడన్న నమ్మకం లేదు.

భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. మా నేల మీద ఆ వేగం కుదరదంది. కాంకార్డ్‌ను మామూలు వేగంతో నడిపితే దాని బతుక్కి అర్థం లేదు, ఇంధనం లెక్క తలకిందులవుతుంది. కాబట్టి అది ద్వీపకల్పాన్ని తప్పించుకుని దక్షిణాన సముద్రం మీదుగా చుట్టి పోవాల్సి వచ్చింది. అవతల మలేషియా అంతకన్నా గట్టిగా బిగించింది. మలక్కా జలసంధి మీద చప్పుడు వద్దని అడ్డుపడడంతో మూడంటే మూడు ప్రయాణాలకే సర్వీసు ఆగిపోయింది. 1979 జనవరిలో మళ్లీ మొదలై 1980 నవంబర్ 1న పూర్తిగా మూతపడింది. పడమటి దేశాల కాంకార్డ్ చరిత్రల్లో ఈ ఘట్టాన్ని కాస్త విసుగ్గా రాస్తారు, అభివృద్ధి చెందని దేశాలు అభివృద్ధికి అడ్డుపడ్డాయన్న ధోరణిలో. అమెరికా తన పొలాల మీద వద్దన్నదాన్ని మన పొలాల మీద మనం వద్దనడంలో తప్పేముంది? ఐరోపాలో కూడా అది తన సొంత నేల మీద నెమ్మదిగానే నడిచేది. లండన్ నుంచి బహ్రెయిన్ పోయేటప్పుడు వెనిస్ దాటి ఏడ్రియాటిక్ సముద్రం చేరేదాకా వేగం పెంచేది కాదు. వెనిస్‌కు ఇచ్చిన మర్యాదే నంద్యాలకూ దక్కింది, అంతే.

ఇక్కడే సోవియట్‌వాళ్ల సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. వాళ్ల టుపోలెవ్-144 కాంకార్డ్ కన్నా రెండు నెలల ముందే, 1968 డిసెంబర్ 31న, ఎగిరింది. 1973 జూన్‌లో పారిస్ ప్రదర్శనలో జనం చూస్తుండగానే కూలింది. 1977 నవంబర్ 1 నుంచి మాస్కో–అల్మా-అటా మధ్య 55 సార్లు ప్రయాణికులను మోసి, మరుసటి ఏడాది జూన్‌లో మూలన పడింది. నేల మీదుగా యథేచ్ఛగా శబ్ద వేగం దాటిన ప్రయాణికుల విమానం అదొక్కటే. కింద ఉన్న కజక్ పల్లెలను అడిగే పద్ధతి అక్కడ లేదు. అదే టుపోలెవ్ సంస్థ తయారుచేసిన మరో విమానాన్ని చూడాలంటే మన విశాఖపట్నం బీచ్ రోడ్డుకు వెళ్లొచ్చు. మన నౌకాదళంలో 29 ఏళ్లు సముద్రాన్ని కాపలా కాసి 2017లో రిటైరైన టీయూ-142 అక్కడ మ్యూజియంగా నిలబడి ఉంది. అది ప్రయాణికుల విమానం కాదు, శబ్దాన్ని దాటేదీ కాదు. కానీ ఆ రెక్క కింద నిలబడితే ఆ కాలపు టుపోలెవ్ చేతిపని తెలుస్తుంది.

సరే, తూలూజ్‌కు తిరిగి వెళదాం. కాంకార్డ్ ఆర్భాటం సాగుతున్న చోటే, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో విమానం తయారవుతోంది. 1969 మే నెలలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ కలిసి దానికి ఒప్పందం రాసుకున్నాయి. కాంకార్డ్ మీద కోట్లు కుమ్మరిస్తున్న బ్రిటిష్ ప్రభుత్వం దీంట్లోంచి మాత్రం అంతకు ముందు నెలలోనే తప్పుకుంది. లావుపాటి శరీరం, రెండే ఇంజన్లు, రెండు నడవలు. అందం అంతంత మాత్రం. చేయాల్సిన పని ఒకటే: దగ్గర దూరాలకు ఎక్కువమందిని తక్కువ ఖర్చుతో చేర్చడం. 1972 అక్టోబర్ 28న అది మొదటిసారి ఎగిరింది. పేరు ఎయిర్‌బస్ ఎ-300.

ఆసియాలో దాన్ని అందరికన్నా ముందు కొన్న కొద్ది సంస్థల్లో మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒకటి. 1976లోనే తెచ్చుకుంది. అంటే కాంకార్డ్ సర్వీసు మొదలైన ఏడాదే, అన్నపూర్ణ తలుపులు తెరిచిన ఏడాదే. జనం దాన్ని ‘ఎయిర్‌బస్సు’ అనేవాళ్లు, ఎర్రబస్సుకు అన్న అన్నట్టు.

తెలుగు సినిమా అప్పటికి రెండు ఊళ్ల కాపురం చేస్తోంది. ల్యాబ్‌లు, డబ్బింగ్ థియేటర్లు, చాలామంది ఇళ్లు మద్రాసులో. ప్రభుత్వం ప్రోత్సాహం, కొత్త స్టూడియోలు, స్థలాలు హైదరాబాద్‌లో. అన్నపూర్ణ తర్వాత కృష్ణ పద్మాలయా, 1989లో రామానాయుడు స్టూడియో వచ్చాయి. ఫిలింనగర్ గుట్టలు ఇళ్లయ్యాయి. అయినా కాల్షీట్ ఇక్కడ, రికార్డింగ్ అక్కడ. పొద్దున విమానంలో వచ్చి, షూటింగ్ ముగించి, రాత్రికి టి.నగర్ చేరే రోజులవి. కెమెరా సామాను, యూనిట్ జనం రైల్లో వచ్చేవారు. హీరోహీరోయిన్లు, దర్శకులు, నిర్మాతలు విమానంలో. ఒక్కో ఉదయం మద్రాసు విమానం సగం సినిమాకు సరిపడే తారాగణంతో వచ్చేది.

మద్రాసు–హైదరాబాద్ ఆకాశ దూరం సుమారు 520 కిలోమీటర్లు. కాంకార్డ్ తన పూర్తి వేగంతో పోతే పద్నాలుగు నిమిషాలు. కానీ అది పూర్తి వేగం అందుకోవడానికే అరగంట పైన పడుతుంది. అంటే వేగం అందుకునేలోపే బేగంపేట దాటిపోతుంది. మన దూరాలకు ఆ విమానం పనికొచ్చేదే కాదు. మనకు కావలసింది సీట్లు. అవి ఎయిర్‌బస్సులో ఉన్నాయి.

ఆ ఎయిర్‌బస్సే 1993 నవంబర్ 15న పరిశ్రమకు ఊపిరి ఆగినంత పని చేసింది. మద్రాసు నుంచి హైదరాబాద్ వస్తున్న ఐసీ-440లో మొత్తం 262 మంది. వాళ్లలో చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి, అల్లు రామలింగయ్య, ఇంకా ఎందరో సినిమావాళ్లు. హైదరాబాద్‌లో రన్‌వే సరిగా కనిపించలేదు. దిగబోయి మళ్లీ పైకి లేపారు. అప్పుడు దిగడం కోసం చాచిన రెక్కల వెనక ఫ్లాపులు తిరిగి ముడుచుకోలేదు. ఫ్లాపులు చాచి ఉంటే గాలి వెనక్కి లాగుతుంది, వేగం తగ్గుతుంది, ఇంధనం మామూలు కన్నా ఎంతో ఎక్కువ ఖర్చవుతుంది. ఆ స్థితిలోనే మద్రాసుకు వెనక్కి తిప్పారు. సగం దారిలో లెక్క తేలింది: మద్రాసు చేరడానికి ఇంధనం చాలదు. తిరుపతి దగ్గర వరిపొలంలో దింపేశారు. విమానం మళ్లీ ఎగరడానికి పనికి రాలేదు. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు.

ఆ పొలం ఘటన గురించి ఫిలింనగర్‌లో ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఎవరు ఏ దేవుణ్ణి తలుచుకున్నారో, ఎవరు ఎవరిని కిందికి దింపారో, ఊరివాళ్లు హీరోలను చూసి ఏమన్నారో. వాటిలో ఎంత నిజమో, ఎంత స్క్రీన్‌ప్లేనో విడదీయడం కష్టం కనుక ఇక్కడ రాయను. ఒక్క మాట మాత్రం అనొచ్చు. ఆ పొద్దున పొలం కాస్త అటూ ఇటూ అయి ఉంటే ఆ తర్వాతి పదేళ్ల తెలుగు సినిమా ఇప్పుడు మనకు తెలిసినట్టు ఉండేది కాదు.

ఈలోగా కాంకార్డ్ ఏం చేస్తోంది? ఆకాశమంతా మూసుకుపోయాక దానికి మిగిలింది అట్లాంటిక్ ఒక్కటే. 1976 మే నుంచి వాషింగ్టన్. చప్పుడు గొడవ మీద కోర్టుల చుట్టూ తిరిగి 1977 నవంబర్ 22 నుంచి న్యూయార్క్. లండన్ నుంచి మూడున్నర గంటల్లోపు. ఉదయం పదిన్నరకు లండన్‌లో ఎక్కితే న్యూయార్క్‌లో ఇంకా పొద్దున తొమ్మిదిన్నర కూడా కాదు. 1984లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఆ విమానాల భారమంతా ప్రభుత్వం నుంచి తానే తీసుకుని, వాటితో లాభాలు కూడా గడించింది. కిటుకు చిన్నదే. మీ టికెట్ ధర ఎంతో తెలుసా అని ప్రయాణికులను అడిగితే చాలామంది అసలు ధర కన్నా ఎక్కువే చెప్పారు. టికెట్ కొనేది వాళ్ల కంపెనీలు కదా! సంస్థ ఆ ధరే పెట్టేసింది. 1985 జులైలో గాయకుడు ఫిల్ కాలిన్స్ లండన్‌లో పాడి, కాంకార్డ్ ఎక్కి, అదే రోజు ఫిలడెల్ఫియాలోనూ పాడాడు. ప్రపంచమంతా అబ్బురపడింది. రోజుకు మూడు షిఫ్టులు చేసిన మన హీరోలకు అదేమంత వింతగా తోచి ఉండదు. 1996 ఫిబ్రవరి 7న న్యూయార్క్ నుంచి లండన్‌కు 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో చేరింది. ఒకప్పుడు సింగపూర్ రంగులు వేసుకున్న ఆ జి-బీఓఏడీయే ఈ రికార్డూ పెట్టింది.

ముగింపు అందరికీ తెలిసిందే. 2000 జులై 25న పారిస్ రన్‌వే మీద, అంతకు ముందు లేచిన మరో విమానం నుంచి రాలిపడిన లోహపు పట్టీ కాంకార్డ్ టైరును చీల్చింది. టైరు ముక్క రెక్క అడుగును బలంగా కొట్టడంతో ఇంధనం ట్యాంకు పగిలి మంటలు లేచాయి. రెండు నిమిషాల లోపే గొనెస్‌లో ఒక హోటల్ మీద కూలింది. విమానంలోని 109 మంది, నేల మీద నలుగురు చనిపోయారు. ట్యాంకులకు కెవ్లార్ పొరలు వేసి, కొత్త టైర్లు తొడిగి సిద్ధం చేస్తే, సిబ్బందిని ఎక్కించుకుని పరీక్షగా ఎగిరిన రోజు 2001 సెప్టెంబర్ 11. ఆ తర్వాత పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు ఆకాశం వైపు చూడడం మానేశారు. అయినా నవంబర్‌లో సర్వీసు మళ్లీ మొదలైంది, దాదాపు రెండేళ్లు లాగింది.

చివరి మేకు కొట్టింది ఎవరనుకున్నారు? ఎయిర్‌బస్. కాంకార్డ్‌ను తయారుచేసిన సంస్థలు కాలక్రమాన దాంట్లోనే కలిసిపోయాయి. పాతబడిన విమానానికి విడిభాగాలు, మరమ్మతు బాధ్యత ఇక మోయలేమని అది తేల్చేయడంతో 2003 ఏప్రిల్ 10న రెండు సంస్థలూ సర్వీసు ఆపుతున్నట్టు ప్రకటించాయి. ఎయిర్ ఫ్రాన్స్ మే 31న, బ్రిటిష్ ఎయిర్‌వేస్ అక్టోబర్ 24న చివరి ప్రయాణికులను దింపాయి. అంతటి విమానానికి తగినంత పొడుగు రన్‌వే, 4,260 మీటర్లు, మన శంషాబాద్‌లో తెరుచుకునేసరికి 2008 వచ్చింది.

గొనెస్ ప్రమాదమే కాంకార్డ్‌ను చంపిందని మామూలుగా అంటారు. నేను ఒప్పుకోను. ఓక్లహామాలో, మలక్కాలో, మన ఢిల్లీలో నేల మీదివాళ్లు ‘మా నెత్తి మీద వద్దు’ అన్ననాడే దాని జాతకం రాసేశారు. ఆ తర్వాతిదంతా ఒక్క సముద్రం మీద నడిచిన కొసరు బతుకు. ఎయిర్‌బస్ ఎ-300లు మాత్రం, కాంకార్డ్ 20 దగ్గరే ఆగిపోతే, మొత్తం 561 తయారయ్యాయి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఒక సూచన. న్యూజెర్సీలో ఉంటే హడ్సన్ నది దాటి న్యూయార్క్‌లోని ఇంట్రెపిడ్ మ్యూజియానికి వెళ్లండి. సింగపూర్ రంగులూ, అట్లాంటిక్ రికార్డూ ఉన్న ఆ జి-బీఓఏడీ అక్కడే ఉంది. వర్జీనియాలో ఉంటే డల్లస్ విమానాశ్రయం పక్కనే, 1976 జనవరి 21న పారిస్ నుంచి రియోకు లేచిన విమానం ఉంది. సియాటెల్‌లో ఉంటే ఆఖరి ప్రయాణికులను మోసినది చూడొచ్చు. మూడు ఊళ్లలోనూ మనవాళ్లు బోలెడంతమంది. మాల్స్ చూపించడం అయ్యాక ఒక పూట దీనికి కేటాయించమని పిల్లలను అడగండి. వచ్చే భాగంలో మళ్లీ మన కొండల మీదికి, పద్మాలయాకు వెళదాం.